వెయ్యికి ఎందరు

మృత్యువును చూసి జంకనివారు లోకంలో ఇద్దరే ఉంటారు. సర్వమూ విడిచిన యోగి ఒకడు. నెలనెలా దానిని వెయ్యితో హెచ్చవేసి జనాభాతో భాగించే గుమాస్తా ఒకడు. యోగికి అది తపఃఫలం, గుమాస్తాకు ఒట్టి అలవాటు. మన కథలోని మనిషి ఈ రెండో కోవకు చెందినవాడు, కనీసం అక్క మంచం పట్టేదాకా.

పట్టణ ఆరోగ్య కార్యాలయంలో మరణాల లెక్క చూసేవాడు గనుక అందరూ ఆయనను చిత్రగుప్తుడనేవారు. కాలక్రమాన ‘చిత్రం’ అరిగిపోయి ‘గుప్తుడు’ మిగిలాడు. అసలు పేరు జీతాలనాడు తప్ప ఎవరికీ గుర్తుకు వచ్చేది కాదు. ఆఫీసరుగారిని మాత్రం ఎవరూ యముడనలేదు. అంత ధైర్యం ఎవరికీ లేదు, ఆయన కూడా అంత పనిమంతుడు కాడు.

గుప్తుడు కూర్చునే గది ఒకప్పుడు ఖజానా. కిటికీ లేదు. పైకప్పు దగ్గర పిడికిలి పట్టేంత గాలిరంధ్రం ఒకటి ఉండేది; పావురం గూడు కట్టాక ఆ గాలికీ మంగళం పాడినట్టయింది. ఇనుప తలుపుకు గడియ బయటి వైపే ఉన్నది. ధనం పారిపోకుండా పెట్టిన గడియ, ధనం పోయినా, అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నానికి పోతూ అటెండరు అలవాటు కొద్దీ గడియ బిగించి, మొదటి ముద్ద నోట పెట్టుకున్నాక లోపల మనిషి ఉన్న సంగతి గుర్తుకు వచ్చి పరుగున రావడం ఏటా జరిగే ముచ్చటే.

“తలుపు కొట్టొచ్చు కదండీ గుప్తుడుగారూ! నా అన్నం చల్లారిపోయింది.”

“కొట్టి ఏం చెయ్యనోయ్? తీసినా మళ్ళీ ఇందులోనే కదా కూర్చోవాలి!”

ఆయన పని చెప్పడానికి తేలిక. ఏ వార్డులో ఏడాదిలో ఎందరు పోయారో కూడి, ఆ వార్డు జనంతో భాగించి, వెయ్యికి ఇందరని తేల్చడం. అలా తేలిస్తేనే కదా పెద్ద వార్డునూ చిన్న వార్డునూ పక్కపక్కన నిలిపి చూడగలిగేది! ఆపైన ఊరి పటం మీద రంగు వెయ్యాలి: తక్కువ చోట లేతగా, ఎక్కువ చోట ముదురుగా. ఆ పటం ఆఫీసరుగారి కుర్చీ వెనుక గోడకు తగిలేది. ఊరంతటికీ ఉన్నది ఒక్కటే మందుల బండి. పటంలో ఏ వార్డు అన్నిటికన్నా ముదురో, ఏడాది పొడుగునా బండి ఆ వార్డుకే పోయేది. అంటే గుప్తుడి కుంచె ఎటు వాలితే బండి చక్రం అటు తిరిగేదన్న మాట. ఈ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తట్టలేదు. ఆయనకు సైతం చాలాకాలం తట్టలేదు.

చాలా ఏళ్ళపాటు ముదురు రంగు గట్టు వార్డుదే. గుప్తుడి ఇల్లూ అక్కడే. కొండ వాలున మెట్లు మెట్లుగా పాకిన వీధులు; మెట్టు మెట్టుకూ ఒక ముసలి ప్రాణం కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ కనిపించేది. ఒకటిన్నర గదుల ఆ ఇంట్లో ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా తెరుచుకునేది. ఆ కిటికీ కింద అక్క మంచం.

అక్కంటే ఆయనకు తల్లి కన్నా ఎక్కువ. తల్లి ముఖం ఆయన ఎరుగడు. అక్క చంక ఎరుగును. తమ్ముడిని పెంచే పనిలో పడి తన పెళ్ళి మాట మరిచిపోయిన మనిషి. డెబ్బై దాటాక ఊపిరితిత్తులు మొరాయించాయి. మెట్లు దిగడం కల్ల. కిందికి తీసుకుపోవాలంటే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మొయ్యాలి. ఆ కుదుపుకే ఆమెకు కళ్ళు తేలిపోయేవి. మందుల బండి వీధి మొదట ఆగితే, నర్సమ్మ ఆవిరి యంత్రం భుజాన వేసుకుని వారానికి మూడుమార్లు మెట్లెక్కి వచ్చేది. ఆ ఆవిరి పీల్చిన రోజున అక్క పడుకుని నిద్రపోయేది. లేని రోజున కూర్చునే తెల్లవార్చేది.

“ఒరేయ్, ఆ నర్సు మెట్లెక్కుతున్న చప్పుడు వింటేనే నాకు సగం ఊపిరి వస్తుందిరా,” అనేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. కింద ఇటుక బట్టీల్లో లారీలకు ఇటుక ఎత్తించే మేస్త్రీ. మనిషి కన్నా ముందు మాట గుమ్మంలో అడుగు పెట్టే రకం.

“ఏం బావా, మీ పటంలో మా బట్టీల వార్డుకు తెల్లరంగేశారట? మేమంతా చిరంజీవులమని ఎవరు చెప్పారు మీకు?”

“వెయ్యికి అయిదుగురయ్యా. ఊళ్ళో అందరికన్నా మీదే తక్కువ. మా గట్టు మీద పద్నాలుగు.”

“ఉండదా మరి? మా బట్టీల్లో ఒక్క ముసలివాణ్ణి చూపించండి, కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను. ఉన్నవాళ్ళంతా పాతిక ముప్ఫై ఏళ్ళ వాళ్ళే. ఆ వయసులో వెయ్యికి అయిదుగురు పోవడం తక్కువా బావా? నాకు లెక్కలు రావనుకోండి.”

“రాకపోతే నోరు మూసుకోరా, ఆయన అన్నం తింటున్నారు,” అన్నది గుప్తుడి ఇల్లాలు, తమ్ముడి ముందు కంచం పెడుతూ.

గుప్తుడు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. పండుటాకు రాలితే చెట్టుకు అది రోజూ జరిగేదే. పచ్చి ఆకులు రాలుతుంటే చెట్టుకు ఏదో తెగులు పట్టినట్టు. రెంటినీ ఒకే తట్టలోకి ఊడ్చి తూచడం ఎంత తప్పో ఆయన చదువుకున్నవాడే. ఒకే వయసు వారిని ఒకే వయసు వారితో పోల్చే పద్ధతి ఆయనకు తెలియనిది కాదు. ఆఫీసు పట్టికలో దానికి గడి లేదు. గడి లేనిది ఆయన మనసులోనూ లేకుండా పోయింది. అలవాటు చేసే అపకారం ఇంతటిది.

మర్నాడు ఆ ఇనుప తలుపు వెనుక కూర్చుని వయసుల వారీగా లెక్క కట్టాడు. అన్ని వార్డుల్లోనూ ముసలివారూ పడుచువారూ ఒకే పాలున ఉన్నట్టయితే ఏమవుతుందని చూశాడు. అంతా తలకిందులయింది. గట్టు వార్డు మధ్యలోకి జారింది. తెల్లగా ఉన్న బట్టీల వార్డు అన్నిటికన్నా ముదురు రంగుకు ఎక్కింది.

అక్క గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. అయితే రెండో బండి అడగవచ్చునన్న ఆశ కూడా దానితో కలిసే వచ్చింది. మనిషి ధర్మం చేసేటప్పుడు మూలన ఒక చిన్న ఆశను దాచుకుని చేస్తాడు. ఆ ఆశ వమ్మయినప్పుడు గాని ఆ ధర్మం బరువు తెలియదు. ఆఫీసరుగారు కొత్త పట్టికను అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుందయ్యా, కొత్తగా ఉంది, పైవాళ్ళు మెచ్చుకుంటారు,” అని సంతకం చేశారు. రెండో బండి మాటకు, “వచ్చే ఏడు చూద్దాం,” అన్నారు. ఆ వారం నుంచే బండి బట్టీల వైపు తిరిగింది.

గట్టు వార్డులో గగ్గోలు పుట్టింది. అక్క మంచం దగ్గర చేరిన ముసలమ్మలు తలా ఒక శాపం పెట్టారు.

“ఆ బండిని మళ్ళించినవాడి చెయ్యి పడిపోను,” అన్నది అక్క, దగ్గు నడుమ ఒక్కొక్క మాటా ఏరుకుంటూ. “వాడింట్లో ముసలివాళ్ళు లేరా? వాణ్ణి ఏ తల్లీ కనలేదా?”

ఆ సమయానికి గుప్తుడు అదే చేతితో ఆమె వీపు రుద్దుతున్నాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“ఆగావేంరా? రుద్దు.”

పొయ్యి దగ్గర ఇల్లాలు తల ఎత్తి భర్త వైపు చూసి, దించుకున్నది. ఆమెకు తెలుసు. ఆ ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఆ నిజం నాలుగో మనిషిలా కాపురం చేసింది. ఉన్న ఒకటిన్నర గదుల్లో దానికి చోటు చాలక ముగ్గురూ ఒదిగి ఒదిగి నడిచారు. గుప్తుడు వేడినీళ్ళ కుండ మీద దుప్పటి కప్పి అక్కకు ఆవిరి పట్టేవాడు; అది మందు పని చెయ్యలేదు. అక్క పడుకుని నిద్రపోవడం మానేసింది. అలాగని ఆమెను కిందికి, బావమరిది ఇంటికి మారుద్దామా అంటే, బట్టీల పొగ పడుచు గుండెలనే తినేస్తున్నదని లెక్క తేల్చినవాడు తానే. అడకత్తెరలో పోకచెక్కకు కూడా రెండే అంచులు. ఆయనకు ఎటు చూసినా అంచులే.

ఏడాది తిరిగింది. మళ్ళీ లెక్క కట్టే కాలం వచ్చింది. బట్టీల వార్డు అంకె చూసి గుప్తుడు ఒకటికి రెండుసార్లు కూడాడు. వెయ్యికి అయిదుగురుండేది ఎనిమిదయింది. ముసలితనాన్నీ పడుచుతనాన్నీ సరిచేసి చూసినా పెరుగుదలే. బండి పోయిన చోట చావులు తగ్గాలి గదా?

ఆఫీసరుగారు పట్టికను చూసి పకపక నవ్వారు.

“ఏమయ్యా గుప్తుడూ, మనం మందుల బండి పంపామా, పాడె పంపామా? పోయిన ఏడు తెలివిగా తిరగేశావు, చూడు ఏమయిందో. బండి దండగ. మళ్ళీ గట్టు మీదికే పంపేద్దాం. నీకూ మంచిదే కదా, మీ అక్కగారు అక్కడే ఉన్నారటగా? ‘బండి వలన ఉపయోగము కనబడలేదు’ అని రెండు ముక్కలు రాసి పట్టుకురా, సంతకం చేసి పడేస్తాను.”

గుప్తుడి గుండెలో ఏదో మూట విప్పినట్టయింది. తాను అబద్ధమాడనక్కరలేదు. మౌనంగా ఉంటే చాలు, అంకెలే మాట్లాడతాయి. ఇంటికి వచ్చి ఇల్లాలితో చెప్పాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది.

“మీరు కావాలని చెయ్యలేదు కదండీ. లెక్కే అలా వచ్చింది. దేవుడే ఇచ్చాడనుకోండి. రాసెయ్యండి.”

“రాస్తాను. ఒక్కసారి కింద కనుక్కుని రాస్తాను.”

“ఏం కనుక్కోవాలి? మళ్ళీ ఏం కెలుకుతారు?”

అంకె ఎందుకు పెరిగిందో తెలియకుండా ఏనాడూ కాగితం కదిపినవాడు కాడు. నిజానికి ఆయన బట్టీలకు బయలుదేరింది ఒక మాట వినడానికే: బండి పనికిరాదన్న మాట. దారి పొడుగునా ఆ మాటనే కోరుకున్నాడు. దైవాన్ని ఇలాంటి కోరిక కోరవచ్చునా అన్న సందేహం కూడా దారిలోనే కలిగింది, కోరిక మానలేదు.

బట్టీల నడుమ, ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరుసల పక్కన బండి ఆగి ఉంది. నర్సమ్మ నీడలో నిలబడి సూదులు ఉడకబెడుతున్నది. ఎదురుగా చెక్క బల్ల మీద పడుచువాళ్ళు పదిమంది, ముసలివాళ్ళలా వంగి దగ్గుతున్నారు.

“గుప్తుడుగారా! మీరిలా రావడమేమిటి? అక్కగారు ఎలా ఉన్నారు?”

“ఉన్నదమ్మా. నిన్నొక మాట అడుగుదామని. బండి వచ్చాక ఇక్కడ చావులు పెరిగాయి. ఎందుకు?”

నర్సమ్మ ఆయన ముఖం వంక వింతగా చూసింది. బదులు పక్కనే లారీకి ఇటుక ఎత్తిస్తున్న బావమరిది నుంచి వచ్చింది.

“బావా, ఇంతకు ముందు మా దగ్గర ఎవరూ చచ్చేవాళ్ళు కాదు. చావడానికి ఊరెళ్ళేవాళ్ళు.”

“అంటే?”

“అంటే ఏముంది? దగ్గుతో ఇటుక మొయ్యలేనివాణ్ణి యజమాని తిరుగు లారీ ఎక్కించి ఇంటికి పంపేస్తాడు. నేనే ఎక్కించాను ఎంతోమందిని. వాడు అక్కడెక్కడో, పుట్టిన ఊళ్ళో, అమ్మ ఒళ్ళో పోతాడు. ఆ చావు ఆ ఊరి లెక్క. మా బట్టీ తెల్లగానే ఉంటుంది.”

నర్సమ్మ అందుకున్నది. “ఇప్పుడు బండి వస్తుందని లారీ ఎక్కట్లేదండీ. మందుంది కదా, నయమవుతుందని ఇక్కడే ఉంటున్నారు. చాలామందికి నయమవుతోంది కూడా. కానివాళ్ళు ఇక్కడే పోతున్నారు. పోయినవాళ్ళను నేను రాసి పంపుతున్నాను. అవే మీకు వచ్చిన కాగితాలు.”

బల్ల మీది కుర్రాడొకడు దగ్గాపి, “మాస్టారూ, లెక్కల ఆఫీసా మీది? బండి తీసేస్తారంటగా?” అన్నాడు.   అబద్ధమేదైనా దొరుకుతుందేమోనని వచ్చినవాడికి నిజం ఎదురొచ్చి దణ్ణం పెట్టింది. చావులు పెరగలేదు. ఇన్నాళ్ళూ దేశం మీద చెదిరిపోయి ఎవరి లెక్కకూ అందని చావులు ఇప్పుడు పుట్టిన చోటనే కనిపిస్తున్నాయి. ఈ ఊరి పటం మీది తెలుపు ఇంకెన్ని ఊళ్ళ పటాలను నలుపు చేసిందో!

ఆ సాయంత్రం మెట్లెక్కుతూ ఆయన ప్రతి మలుపులోనూ ఆగాడు. ఇంటికి చేరేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నది. ఇల్లాలు ఆశ పట్టలేక అప్పటికే చెప్పేసింది.

“ఏరా, బండి వస్తుందటగా?” అన్నది అక్క. ఏడాది తరువాత ఆ ముఖంలో తేట కనిపించింది.

గుప్తుడు మంచం పట్టెమీద కూర్చున్నాడు. దాచడానికి ఆ ఇంట్లో ఇక చోటు లేదు. పోయిన ఏడు బండి మళ్ళించిన చెయ్యి ఎవరిదో చెప్పాడు. బట్టీల్లో తాను చూసినదీ విన్నదీ చెప్పాడు. రేపు ఆఫీసులో మౌనంగా ఉంటే బండి ఇక్కడికి వస్తుందని, నోరు విప్పితే రాదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీ అవతలి గోడనే చూశాడు.

 అక్క ఊపిరి ఈల వేస్తూ పోయి వస్తున్నది.

“నన్నెందుకు అడుగుతున్నావురా?”

“అడగడం లేదక్కా. చెబుతున్నాను.”

“అడుగుతున్నావు. చిన్నప్పుడూ అంతే, తప్పు చెయ్యబోయే ముందు నా ముఖంలోకి చూసేవాడివి. నేను ‘పోనీలేరా, వాళ్ళు పడుచువాళ్ళు, నేను ముసలిదాన్ని’ అంటాననీ, నీ పాపం కడిగేస్తాననీ చూస్తున్నావు. అనను. నాకు పడుకోవాలని ఉందిరా. ఒక్క పూట, వెల్లకిలా పడుకుని నిద్రపోవాలని ఉంది. నన్నడిగితే బండి నాకే కావాలంటాను.”

“వదినా...” అన్నది ఇల్లాలు.

“నువ్వూరుకోవే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వాడి బాధ వాడిది. నా ఊపిరి నాది.”

ధర్మం సూక్ష్మమని పెద్దలు ఊరికే అనలేదు. సూక్ష్మమంటే కంటికి కనబడనంత చిన్నదని కాదు. అందులో పట్టేందుకు ఒక్క మనిషికే చోటు ఉంటుందని. తోడుగా అక్కను కూడా అందులోకి లాక్కుందామనుకున్నాడు గుప్తుడు. ఆమె రానన్నది. ఆమెది తప్పనగల శాస్త్రం ఏదీ ఆయనకు తోచలేదు.

మర్నాడు ఇనుప తలుపు వెనుక కూర్చుని కాగితం తీశాడు. ఆఫీసరుగారు కోరిన రెండు ముక్కలు కలంలో సిద్ధంగానే ఉన్నాయి. వెయ్యికి ఇందరని చెప్పే అంకె ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పదు. బండి వస్తే అక్క ఎన్నాళ్ళుంటుందో, రాకపోతే ఎన్నాళ్ళో ఏ గడిలోనూ దొరకదు. ఇన్నేళ్ళ పట్టికలన్నీ వెదికినా దొరకలేదు. మధ్యాహ్నం బయట గడియ పడిన చప్పుడయింది. ఆయన తలుపు కొట్టలేదు. అటెండరు ఆయాసపడుతూ తిరిగి వచ్చేలోపు రాయవలసినది రాశాడు: పెరిగినవి మరణాలు కావని, మన దృష్టికి వచ్చినవని; ఇంతకు ముందు ఇక్కడి రోగులు ఇతర ప్రాంతాల్లో మరణించి ఆయా ప్రాంతాల లెక్కల్లో చేరారని; బండిని బట్టీల వార్డులోనే ఉంచవలెనని.

ఆఫీసరుగారు చదివి నుదురు కొట్టుకున్నారు.

“ఏం మనిషివయ్యా? నోటి దగ్గరికొచ్చిన కూడు కాలదన్నుకుంటావా? నేను చూడనట్టు ఉంటానంటే నీకేం పోయింది?”

“నేను చూశానండి.”

ఆయన కాసేపు కలం తిప్పారు. పైవారు అడిగితే చెప్పడానికి ఇంత కారణం కాగితం మీద ఉండగా తాను తల బాదుకోవడం ఎందుకనుకున్నారో ఏమో, సంతకం చేశారు. రెండో బండి మాట గుప్తుడు ఈసారీ అడిగాడు. “వచ్చే ఏడు,” అన్నారు.

ఇంట్లో దీపం పెట్టే వేళ అయింది. ఇల్లాలు ఆయన ముఖం ఒకసారి చూసింది. నీళ్ళ కుండ పొయ్యి మీద పెట్టింది. అక్క అడిగింది.

“ఏం రాశావు?”

చెప్పాడు.

ఆమె గోడ వైపు తిరిగింది. శాపం పెట్టలేదు, దీవించలేదు. వీపు మాత్రం ఎగిరి పడుతున్నది, రవిక గుడ్డ కింద చిక్కుకున్న పిట్ట లాగ. గుప్తుడు మంచం పట్టెమీద కూర్చుని, వెయ్యనా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి ఆ వీపు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఉంచేశాడు.

కుండలో నీళ్ళు మరగసాగాయి. కిటికీ అవతలి గోడ మీద వెలుగు పోయింది.

“ఆగావేంరా,” అన్నది అక్క, ఇటు తిరగకుండానే. “రుద్దు.”